గ్యాసుపొయ్యియు గృహస్థధర్మమును

క్రొత్త యిల్లు కట్టువారును, కట్టిన యిల్లు కొనువారును, తుదకు అద్దెకు దిగువారును మొట్టమొదట విచారించు విషయము వంటయిల్లు ఆగ్నేయమున నున్నదా లేదా యనునదియే. పొయ్యి యే మూల నుండవలెనో, వండునట్టి ఇల్లాలు ఏ దిక్కునకు మొగము పెట్టి నిలువవలెనో నిర్ణయించుటకు సిద్ధాంతిగారిని పిలిపించి, ఆయన చెప్పినచో కట్టిన గోడను పడగొట్టించుటకును వెనుదీయని గృహస్థులు తెలుగునాట కోకొల్లలు. ఆ విశ్వాసమును పరిహసించుట నా యుద్దేశము కాదు. కాని యదే గృహస్థుని, "అయ్యా, ఆ పొయ్యికి ఇంధనమిచ్చు సిలిండరు ఎక్కడ నున్నది? దాని గొట్టము వేసి ఎన్నేండ్లయినది? గ్యాసు కారినచో బయటికి పోవుటకు నేలమట్టమున దారి యున్నదా?" అని యడిగినచో, ఆయన సమాధానమునకై వంటయింటివైపు తిరిగి భార్యనో తల్లినో కేకవేయును. అగ్నికి దిక్కు చూపుటలో మనము చూపు శ్రద్ధలో పదవవంతైనను అగ్ని స్వభావము నెరుగుటయందు చూపుట లేదనియు, ఎరుగవలసిన భారమును ఇంటిలో నొక్కరిపైననే మోపి మిగిలినవారము నిశ్చింతగా విస్తరిముందు కూర్చుండుచున్నామనియు నా ఫిర్యాదు.

కట్టెలపొయ్యి కాలమున పొయ్యికొక శాస్త్రముండెడిది. తెల్లవారుచునే బూడిద యెత్తి, పొయ్యి నలికి ముగ్గు పెట్టి, కట్టె యెండినదో పచ్చిదో చూచి, వంట ముగిసినపిమ్మట కొరవులు చల్లార్చి, రాత్రి పరుండబోవుటకు ముందు కణికలపై బూడిద కప్పి, చుట్టుప్రక్కల ఎండుపుల్ల యొక్కటియు లేకుండ నూడ్చుట మన ముత్తవలకు నిత్యకృత్యము. అది యాచారముగా నడచినను, దాని లోపలనున్నది అనుభవమే. తాటాకు కప్పిన యిండ్లు ఒకదానినొకటి ఒరసికొనియుండు కోస్తా పల్లెలలో, ఎండలు ముదిరిన వైశాఖమాసమున, ఒక్క నిప్పురవ్వ వాడవాడను భస్మము చేయుట కన్నులార చూచినవారు కనుకనే ఆ కట్టుబాట్లు ఏర్పడినవి. చిన్నపిల్లలకు కూడ పొయ్యిదగ్గర నెట్లు మెలగవలెనో తెలిసియుండెడిది.

తరువాత గ్యాసు వచ్చినది. 1965లో కలకత్తాలో ఇండేన్ పేరిట మొదటి కనెక్షను ఇచ్చిననాటినుండి చాలకాలము అది నగరములలోని కలవారి సౌకర్యముగనే యుండెను. పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి యెదురుచూచిన కుటుంబములను మనము ఎరుగుదుము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపం పథకము పొదుపు సంఘముల స్త్రీల యిండ్లకు దానిని చేర్చినది. 2016 మే నెలలో ప్రారంభమైన ఉజ్జ్వల యోజన దేశమంతటను పేదయిండ్ల గడప దాటించినది. ఊదుగొట్టముతో ఊది యూది, పొగకు కన్నులు చెమ్మగిల్లి, ఊపిరితిత్తులు చెడగొట్టుకొనిన మన తల్లులకు ఇంతకంటె గొప్ప యుపకారము మరియొకటి జరుగలేదని నిస్సంశయముగా చెప్పవచ్చును. ఐతే పొయ్యి మారినంత త్వరగా పొయ్యి శాస్త్రము మారలేదు. పాత కట్టుబాట్లు బూడిదతోపాటు పోయినవి. క్రొత్తవి యింకను ఇంటింటి యలవాటు కాలేదు.

నియమములు చెప్పువారు లేరని కాదు. కనెక్షను నిచ్చునాడు చేతికిచ్చు పుస్తకమునందును, ఏజెన్సీ గోడలమీదను అవి యచ్చువేసియే యున్నవి. కాని యవి యన్నియు "ఇట్లు చేయుము, అట్లు చేయకుము" అను విధినిషేధములే. కారణము తెలియని నియమము పని తొందరలో మొట్టమొదట జారిపోవును; కారణము తెలిసినవానికి నియమమును ఎవ్వరును గుర్తుచేయ నక్కరలేదు. వంటగ్యాసుయొక్క మూడు స్వభావముల నెరిగినచో ఆ పుస్తకములోని పుటలన్నియు ఎవరికివారే వ్రాసికొనగలరు.

మొదటి స్వభావము, అది ఒత్తిడిచే ద్రవముగా మార్చి బంధింపబడిన వాయువు. మనము ఎల్.పి.జి. అని పిలుచునది ప్రధానముగా ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. వీనిలో ప్రొపేను సున్నకు దిగువ 42 సెంటీగ్రేడు డిగ్రీలవద్దనే మరుగును గనుక, మన వేసవిలోనే కాక మన శీతకాలములోను అది స్వేచ్ఛగా నుండిన వాయువే. ఒక లీటరు ద్రవము బయటపడినచో రమారమి 250 లీటర్ల వాయువై వ్యాపించును. సిలిండరులో అడుగున ద్రవమును, పైన ఆవిరియు నుండును. రెగ్యులేటరు ఆవిరిని మాత్రమే అదుపుచేయుటకు నిర్మింపబడినది. సిలిండరును నిలువుగనే యుంచవలెననుటకు కారణమిదియే. నెలాఖరున మంట సన్నగిల్లగనే సిలిండరును పడుకోబెట్టి దొర్లించువారును, వేడినీళ్లు పోయువారును, వేడినీటి తొట్టిలో నిలుపువారును, మిగిలిన గుప్పెడు గ్యాసుకై తాము మేల్కొలుపుచున్నది ఏ శక్తినో యెరుగరు. ద్రవము వేడికి వ్యాకోచించును గనుకనే కర్మాగారములో సిలిండరును అంచులవరకు నింపక కొంత చోటు విడిచిపెట్టుదురు. హైదరాబాదు మొదలగు నగరములలో చదువులకును ఉద్యోగములకును వచ్చి గదులలో నుండు యువకులు, సందులలోని దుకాణములయందు, పెద్ద సిలిండరునుండి చిన్నదానిలోనికి గ్యాసు ఎక్కించుకొని పోవుచున్నారు. ఎక్కించువాడు ఆ ఖాళీచోటు సంగతి యెరుగడు. ఆ డబ్బాను పరీక్షించినవారును లేరు. ఇది చట్టవిరుద్ధమైన పని. గుర్తింపు పత్రము చూపినచో 5 కిలోల సిలిండరు చట్టబద్ధముగనే లభించుచుండగా, ఈ వ్యాపారము బహిరంగముగా సాగుట పాలకుల కంటికి ఆనకపోవుట వింత.

రెండవ స్వభావము, అది గాలికంటె బరువైనది. ప్రొపేను గాలికంటె ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండురెట్లు బరువు. కనుక కారిన గ్యాసు పైకెగసి కిటికీలోనుండి పోవునని తలచుట పొరపాటు. అది ఒలికిన నీటివలె నేలను పట్టి పారి, పల్లమును వెదకికొని, గడపప్రక్కను, అల్మారా యడుగునను, మెట్లక్రింది గోతిలోను నిలిచిపోవును. ఈ యొక్క సంగతి తెలిసినచో ఎన్ని నియమములు వానియంతట నవియే తేటపడునో చూడుడు. సిలిండరు నేలమీదను, పొయ్యి దానికంటె ఎత్తైన గట్టుమీదను ఏల యుండవలెను? నేలమాళిగలో సిలిండరు ఏల నుంచరాదు? వంటయింటి మూలలో నేలకు దగ్గరగా దేవుని దీపము ఏల వెలుగరాదు? తనంతట తానే ఆగుచు నడచుచు నుండు ఫ్రిజ్జును సిలిండరు ప్రక్కన ఏల నిలుపరాదు? అన్నిటికిని సమాధాన మొక్కటే.

ఇప్పటి మాడ్యులర్ వంటయిండ్లు ఈ స్వభావమును బొత్తిగా మరచి కట్టినవి. సిలిండరు కంటికి కనబడుట నామోషి యని దానిని గట్టు క్రింది అల్మారాలో పెట్టి, నిగనిగలాడు తలుపు బిగించి, గాలి చొరబడు రంధ్రమైనను విడువక, పైన మాత్రము ఖరీదైన చిమ్నీ నొకదానిని అలంకరించుచున్నారు. ఆ చిమ్నీ పోపు ఘాటును లాగును గాని నేలను పారు గ్యాసును లాగలేదు. పైగా గ్యాసు వాసన వచ్చినపుడు దానిని త్రోలుటకని చిమ్నీ మీట నొక్కినచో, ఆ మీటలోని నిప్పురవ్వయే అనర్థమునకు మూలము కావచ్చును. కారిన గ్యాసు ఎంత దూరము ప్రాకి నిప్పును వెదకికొనగలదో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నపు చమురుశుద్ధి కర్మాగారమున వెలువడిన ఎల్.పి.జి. మేఘమువలె నలముకొని, పిదప రగుల్కొని, పదులకొలది ప్రాణములను బలిగొనినది. కర్మాగారమున జరిగిన దానికిని వంటయింట జరుగుదానికిని పరిమాణమున భేదమే గాని ప్రకృతిసూత్రమున భేదము లేదు.

మూడవ స్వభావము, గాలితో దాని పొత్తు. నూరు పాళ్ల గాలిలో గ్యాసు రెండు పాళ్లకు తక్కువయైనను, తొమ్మిది పాళ్లకు మిక్కిలి యెక్కువయైనను అంటుకొనదు. ఆ నడుమనున్నపుడు మాత్రము ఒక్క రవ్వకు భగ్గుమనును. రాత్రియంతయు మూసియుంచిన వంటయింట సన్నగా కారిన గ్యాసు తెల్లవారుసరికి ఆ పాళ్లకు చేరియుండుటయు, నిద్రకన్నులతో వచ్చినవారు అలవాటు చొప్పున దీపపు మీట నొక్కుటయు, ఇట్టి ప్రమాదములు తెల్లవారుజామున జరుగుటకు ఒక కారణము. పరుండబోవుటకు ముందు రెగ్యులేటరును ఆపవలెననెడి చిన్న నియమమున కింత బలమున్నది.

ఈ పొత్తునకు మరియొక ముఖమును కలదు. పొయ్యి సవ్యముగా మండుటకు గ్యాసు చాలినంత గాలితో కలియవలెను. అట్లు కలిసినపుడు మంట నీలముగ నుండి గిన్నెకు మసి పట్టదు. మంట పసుపుపచ్చగ మారి గిన్నె యడుగు నల్లబడుచున్నదన్న, గాలి చాలుట లేదని పొయ్యి మనతో మొరపెట్టుకొనుచున్నదన్నమాట. అట్టి యసంపూర్ణ దహనమువలన పుట్టు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. తలుపు కిటికీలు బిగించిన ఇరుకు స్నానాలగదిలో గ్యాసు గీజరు వెలిగించుకొని, లోపలనే సొమ్మసిల్లి ప్రాణములు విడిచినవారి వార్తలు ప్రతి శీతకాలమును మనము చదువుచునే యున్నాము. గీజరు స్నానాలగది వెలుపల, గాలి యాడు చోట నుండవలెను. వంటయింటి కిటికీ వంట జరుగునంతసేపు తెరచియుండవలెను.

వంటగ్యాసునకు సహజముగా వాసన లేదు. ఎరుక కలుగుటకై ఇథైల్ మెర్కాప్టన్ అను దుర్గంధద్రవ్యమును ఉద్దేశపూర్వకముగా దానియందు కలుపుచున్నారు. కుళ్లిన కోడిగుడ్డు, క్యాబేజీల కంపును తలపించు ఆ వాసన మనకొరకు నియమింపబడిన కావలివాడు. కాని జలుబు చేసినవారికిని, వయసు మీరినవారికిని అది తెలియకపోవచ్చును; నిదురించువారికి అసలే తెలియదు. అందుచేత వాసన లేదు గనుక కారుట లేదని తీర్మానింపక, నెలకొక పర్యాయమును, సిలిండరు మార్చిన ప్రతిసారియు, సబ్బునీటి నురుగును రెగ్యులేటరు చుట్టును, గొట్టము కీళ్లయందును రాచి బుడగలు లేచుచున్నవేమో చూడవలెను. అగ్గిపుల్ల గీచి పరీక్షించు సాహసికులు ఇప్పటికిని కలరు. వారి ధైర్యమును మెచ్చుకొనుటకంటె వారి చేతిలోని అగ్గిపెట్టెను లాగికొనుట మేలు.

సిలిండరు ఇంటికి వచ్చినపుడు చేయదగిన పరీక్ష మిక్కిలి స్వల్పము. సీలు చెక్కుచెదరకుండ నుండవలెను. సిలిండరుమీద దాని ఖాళీబరువు వ్రాసియుండును, దానికి 14.2 కిలోలు కూడినచో నిండుబరువు వచ్చును. ఖాళీబరువు 15.3 అయినచో త్రాసుమీద 29.5 కిలోలు తూగవలెను. పైనున్న వలయమును మోయు పట్టీలలో ఒకదాని లోపలివైపున ఏ, బి, సి, డి యను అక్షరములలో నొకటియు, సంవత్సరపు కడపటి రెండంకెలును ఉండును. ఏ యన్న జనవరి మొదలు మార్చివరకు, బి యన్న ఏప్రిల్ మొదలు జూన్ వరకు, ఈ వరుసను మూడేసి నెలలు. ఆ గడువులోపల సిలిండరును మరల పరీక్షింపవలెననుట దాని యర్థము. గడువు దాటినదానిని తిప్పిపంపుట మన హక్కు. పిదప మూత విప్పి, వాల్వు లోపలి రబ్బరు వాషరు చీలకయున్నదో చూచి, ఒక చుక్క నీరు వేసి బుడగ రాకుండుట గమనించి, అప్పుడు రెగ్యులేటరు బిగింపవలెను. బిగించు సమయమున ఇంటిలో మరియొక పొయ్యిగాని, దీపముగాని, ఊదువత్తిగాని వెలుగుచుండరాదు. దారముతో వ్రేలాడు ప్లాస్టిక్కు మూతను పిల్లల యాటవస్తువు చేయక సిలిండరుకే కట్టియుంచవలెను. ఆపదవేళ వాల్వును మూయునది అదియే.

ఈ పరీక్ష చేసి చూపుట డెలివరీకి వచ్చినవాని విధి. కాని నేడు జరుగుచున్నదేమి? అపార్టుమెంటు వాకిట వాచ్‌మన్‌కు అప్పగించి, మరి పది యిండ్లు తిరుగవలెనను తొందరలో అతడు వెడలిపోవును. సిలిండరును పైకి మోసికొనిపోవుటయు, బిగించుటయు ఎవరికి తోచినట్లు వారు చేసికొందురు. తప్పు అతని యొక్కనిదే యనలేము. దినమున కిన్ని సిలిండర్లని లెక్కగట్టి కూలి యిచ్చుచు, ప్రతి యింటను పరీక్షించి రమ్మనుట, పరుగెత్తుమని చెప్పి నెమ్మదిగ నడువలేదేమని గద్దించుటయే. పరీక్షకు పట్టు కాలమునకును కూలి చెల్లింపనంతవరకు ఆ విధి కాగితముమీదనే నిలిచియుండును.

గొట్టము విషయమున మన యశ్రద్ధకు మేర లేదు. వేలు వెచ్చించి పొయ్యి కొనువారు గొట్టము దగ్గర వందలకు వెనుదీయుదురు. లోపల తీగయల్లిక గల నారింజరంగు సురక్ష గొట్టము, ఐ.ఎస్.ఐ. ముద్రతో నున్నది, ఒకటిన్నర మీటరుకు మించనిది వాడవలెను. అయిదేండ్లు నిండగనే, చూచుటకు బాగున్నను, మార్చవలెను. ఏలయన రబ్బరు బయటికి కనబడకయే లోపల ముసలిదగవచ్చును. దానిని గోడలోని రంధ్రముగుండ లాగుటయు, దుమ్ము పడునని గుడ్డ చుట్టుటయు, పొయ్యి వెనుక సెగ తగులు చోట మెలిపెట్టుటయు కూడదు. ఎలుక కొరికినదో, బీటవారినదో కంటికి కనబడుచుండవలెను.

ఇక పొయ్యి పోషణము. పప్పుకట్టు పొంగి, గంజి యొలికి, బర్నరు రంధ్రములు పూడుటయే మన పొయ్యిల ప్రధానరోగము. వారమునకొకమారు రెగ్యులేటరు ఆపి, పొయ్యి చల్లారినపిదప బర్నర్లను తీసి, ఇత్తడివైనచో చింతపండు కలిపిన గోరువెచ్చని నీట నానవైచి, కుంచెతో తోమి, పూడిన రంధ్రములను సన్నని సూదితో తెరచి, తడి పూర్తిగ నారినపిదప వానివాని స్థానములందే కుదురుగ నమర్పవలెను. కాని బర్నరు క్రిందనుండు జెట్టు జోలికి మాత్రము సూదితో పోరాదు. గ్యాసెంత రావలెనో లెక్కగట్టి తొలిచిన రంధ్రమది. అది కొంచెము వెడల్పయినను గ్యాసు హెచ్చి, గాలి చాలక, మంట పచ్చబడి, ఖర్చు పెరుగును. మీట బిగుసుకొనినచో వంటనూనె పోసి త్రిప్పుట మరమ్మతు కాదు, మెకానిక్కును పిలువవలెను. గాజుపలక పొయ్యిలవారు వేడి యారకముందే తడిగుడ్డ వేయుటయు, రెండు బర్నర్లను కప్పునంతటి గంగాళములు పెట్టుటయు మానవలెను. ఐ.ఎస్.ఐ. ముద్ర గల పొయ్యి ఇంధనపు వేడిలో నూటికి 68 పాళ్లకు తగ్గకుండ గిన్నెకు చేర్చవలెనని ప్రమాణము. మంట గిన్నె యంచులు దాటి పైకి ప్రాకుచున్నచో, ఆ ప్రమాణమును ఆశించి మనము పెట్టిన సొమ్ము గాలిని వేడిచేయుచున్నదన్నమాట. పొయ్యిని శుభ్రముగ నుంచుట క్షేమమునకును పొదుపునకును ఒక్కటే మార్గము.

వండువారి జాగ్రత్తలను గూర్చి విస్తరింపను. నూలుచీర కట్టి కొంగు బిగించుటయు, మూకుడు కాడలు గట్టు బయటికి రాకుండ త్రిప్పుటయు, పిల్లలను దూరముంచుటయు అందరెరిగినవే. నూనె మూకుడు అంటుకొనినపుడు నీళ్లు పోయరాదనియు, పొయ్యి యాపి మూత వేయవలెననియు మాత్రము మరల చెప్పవలెను. మండు నూనెలో పడిన నీరు క్షణములో ఆవిరియై ఆ నూనెను ఇల్లంతట చిమ్మును. పాలు పొంగి మంట నార్పివేసినపుడు గ్యాసు కారుచునే యుండుట మరియొక యపాయము. దీనికి మందు లేకపోలేదు. మంటలో తగిలియుండు చిన్న లోహపు మొన వేడికి స్వల్పమైన విద్యుత్తును పుట్టించి గ్యాసు ద్వారమును తెరచియుంచును; మంట ఆరగనే మొన చల్లారి, విద్యుత్తు నిలిచి, ద్వారము దానంతట మూసికొనును. ఐరోపాలో అమ్ముడగు పొయ్యిలలో ఇది సాధారణమైపోయినది. మన యిండ్లలోని పొయ్యిలలో అధికభాగమునకు ఇది లేదు. మెరపు గాజునకు ధర చెల్లించు మనము ఈ మొనకు చెల్లింపలేమా? తయారుచేయువారు దీనిని విలాసముగ గాక విధిగ నమర్చునట్లు ప్రభుత్వము శాసింపవలెను.

ఎంత జాగ్రత్త వహించినను గ్యాసు కారినచో ఏమి చేయవలెను? మీటల నంటరాదు, వేయుట ఎంత ప్రమాదమో ఆర్పుటయు నంతే, రెండింటను నిప్పురవ్వ పుట్టును. కాలింగ్‌బెల్లు నొక్కక తలుపు తట్టి పిలువవలెను. మంటలన్నియు ఆర్పి, రెగ్యులేటరు కట్టి, తలుపులు కిటికీలు బార్లా తెరచి, వాల్వే కారుచున్నచో మూత బిగించి, సిలిండరును ఆరుబయట నిలిపి, ఇంటివారందరును బయటికి పోయి, అక్కడనుండి 1906కు ఫోను చేయవలెను. అది రాత్రింబగళ్లు పనిచేయు గ్యాసు అత్యవసర సంఖ్య. మంటలే లేచినచో సామానులకై వెనుకకు పోక 101ని పిలువవలెను. కాలినచోట పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయక, చల్లని కుళాయినీటి ధారక్రింద ఇరువది నిమిషములుంచి వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

హైదరాబాదు, విజయవాడ, కాకినాడలలో కొన్ని పేటలకు గొట్టముల ద్వారా సహజవాయువు వచ్చుచున్నది. అది ప్రధానముగా మీథేను. గాలికంటె తేలిక గనుక పైకెక్కి కప్పుక్రింద నిలుచును. కావున అచ్చట కావలసినది కప్పు చేరువ గవాక్షము. సిలిండరు పొయ్యిని జెట్లు మార్పింపక ఆ గొట్టమునకు తగిలించుటయు తగదు. ఒక గ్యాసునకు నేలమట్టపు దారి, మరియొకదానికి మిద్దెచేరువ దారి. స్వభావమెరుగక నియమము మాత్రమే బట్టీయము పెట్టినవాడు ఇక్కడనే తప్పటడుగు వేయును.

"ఇరువదియేండ్లనుండి వాడుచున్నాము, ఏమియు కాలేదు" అనువారు కలరు. ఇరువదియేండ్లు ఏమియు కాకపోవుట గొట్టము గట్టిదనమునకు నిదర్శనము కాదు. అది ఇరువదియేండ్లు పాతబడినదనుటకు మాత్రమే నిదర్శనము. "పేదవారికి ఇన్ని ఖర్చులెట్లు?" అను ప్రశ్న దీనికంటె న్యాయమైనది. పేదకు సిలిండరు నిచ్చుట పుణ్యమని యెంచిన ప్రభుత్వములు, అయిదేండ్లకొక గొట్టమును, ఒక తనిఖీని ఆ పుణ్యములో భాగముగనే యెంచవలెను. అయిదేండ్లకొకసారి జరుగవలసిన తనిఖీ పెక్కుచోట్ల సంతకమునకును గొట్టము అమ్మకమునకును పరిమితమైపోయినది. వచ్చినవాడు సబ్బునీరు రాచి చూపి, ఇంటివారిచేత చేయించి, అపుడు సంతకము తీసికొనవలెను. నమోదైన వినియోగదారులకు చమురు కంపెనీలు బీమా కల్పించుచున్నవనియు, ప్రమాదము జరిగినవెంటనే ఏజెన్సీకి తెలుపవలెననియు ఎందరికి తెలియును? ఆ ముక్కయు ఆ తనిఖీనాడే చెప్పవలెను. మన పాఠశాలలలో ఎనిమిదవ తరగతి పిల్లలకు దహనమును గూర్చిన పాఠమున్నది. మంటలోని మండలములను బొమ్మ గీచి చూపు ఆ బాలురకును బాలికలకును రెగ్యులేటరు కట్టుట నేర్పినచో, ఆ పాఠము పరీక్షతోపాటు ముగిసిపోదు.

బాలురకు నేర్పుడని ప్రత్యేకించి యనుటకు కారణమున్నది. వంటయింట ప్రమాదము జరిగిననాడు ఊరివారి నోట మొదట వచ్చు మాట, ఆమె గ్యాసు కట్టుట మరచినదనియే. గొట్టము మార్పింపని భర్తను, గాలి చొరని వంటయిల్లు కట్టిన మేస్త్రీని, పరీక్ష చేయక వెడలిపోయిన ఏజెన్సీని ఎవ్వరును అడుగరు. వెలిగించుట ఒకరి పనియైనచో ఆర్పుట మరియొకరి పని యగుగాక. వండుట ఆమె వంతైనచో సిలిండరు తేదీ చూచుట ఆయన వంతు, సబ్బునీరు రాచుట ఎదిగిన కొడుకు వంతు, రాత్రి రెగ్యులేటరు కట్టినారా యని యడుగుట ఇంటిలో ప్రతివారి వంతు. ఒక్క నిప్పుమీద అందరును తినుచున్న యింట ఆ నిప్పు సంగతి ఒక్కరికే తెలిసియుండుట న్యాయమును కాదు, క్షేమమును కాదు.